పది సినిమాలు, పది రకాలు: మొహమాటం లేకుండా అభిప్రాయం రాయడం ఎలా

ఒక్క సినిమా మీద రాయడం పెద్ద కష్టమేం కాదు. మాయాబజార్ పక్కన జాతిరత్నాలు, దాని పక్కన జపాన్ దర్శకుడు కురొసావా రషోమన్, ఆ కింద పోయిన శుక్రవారం వచ్చిన మాస్ సినిమా పెట్టి, అన్నిటి గురించీ ఒకేచోట రాయాలన్నప్పుడే చిక్కు. అన్నిటికీ ఒకటే కొలబద్ద పెడితే కొన్నిటికి అన్యాయం జరుగుతుంది. సినిమాకో కొలబద్ద మారిస్తే చదివేవాళ్లకు మీ మాట మీద నమ్మకం పోతుంది. దీనికి పనికొచ్చే దారి ఒకటుంది. ప్రతి సినిమానూ అది ఇచ్చిన మాటతోనే కొలవాలి. మీరు అనే ప్రతి మాటకూ తెరమీద కనిపించిందో వినిపించిందో ఒక్కటైనా సాక్ష్యం పెట్టాలి.

ఏం చూశారో ముందు అది రాసుకోండి

సినిమా పేరు రాసేస్తే సరిపోదు. ఏ భాషలో చూశారు, హాల్లోనా ఇంట్లోనా, ఏ ప్రింటు, ఎన్ని నిమిషాలు అన్నవి మొదటి వరసలోనే పడాలి. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఇద్దరు కొట్టుకుంటుంటారు, తీరా చూస్తే ఇద్దరూ చూసింది ఒకే సినిమా కాదు.

2022లో ఆర్‌ఆర్‌ఆర్ ఓటీటీకి వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ వెర్షన్, జీ5లో తెలుగు వెర్షన్ వచ్చాయి. విదేశాల్లో చాలామంది చూసింది హిందీలోనే. హీరోలిద్దరూ హిందీలోనూ తమ గొంతే ఇచ్చుకున్నారు నిజమే, అయినా భీమ్ యాస మీద రాయాలంటే తెలుగులో చూసి ఉండాల్సిందే. మాయాబజార్ సంగతీ అంతే. 1957 నాటిది నలుపు తెలుపు. 2010లో విడుదలైన రంగుల వెర్షన్‌లో నిడివి కూడా కొంత తగ్గింది. 'రంగులు కళ్లకు ఇంపుగా ఉన్నాయి' అని దర్శకుడు కె.వి.రెడ్డినో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లేనో మెచ్చుకుంటే మెప్పు వేరేవాళ్ల ఖాతాలో పడ్డట్టే. ఆ రంగులు వేసింది వాళ్లు కారు.

టీవీలో చూసిన పాత సినిమాస్కోప్ సినిమాల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి అల్లూరి సీతారామరాజు. అక్కణ్నుంచి వెడల్పు తెర కోసం తీసిన ఎన్నో సినిమాల్ని పాత టీవీ పెట్టెకు సరిపోయేలా రెండు పక్కలా కత్తిరించి ప్రసారం చేసేవాళ్లు. మాట్లాడే మనిషి ముక్కు మాత్రమే ఫ్రేములో ఉంటే అది కెమెరామన్ తప్పు కాకపోవచ్చు. ప్రకటనల కోసం సీన్లు ఎగరగొట్టడం దీనికి అదనం. చిన్నప్పుడు టీవీలో చూసిన సినిమా మీద రాయాలనుకుంటే మళ్లీ పూర్తిగా చూశాకే రాయండి. నచ్చిన సినిమాలో నీరసంగా సాగిన భాగాల్ని జ్ఞాపకం దానంతటదే తీసేసి దాచుకుంటుంది.

చూస్తున్నప్పుడు రాసుకునేది

చిన్న నోటుబుక్కు, పెన్సిలు చాలు. హాల్లో ఫోన్ తీయొద్దు. ఆ వెలుగు వెనక వరసవాళ్ల కళ్లలో కొడుతుంది, పైగా ఏదో మెసేజ్ వస్తే మీ ధ్యాసే చెదురుతుంది. సినిమా మొత్తానికి పది పన్నెండు ముక్కలకు మించి అక్కర్లేదు. ఒక్కో ముక్క రెండు మూడు మాటలు, పెద్ద అక్షరాలతో, పేజీకి నాలుగైదే. చీకట్లో గజిబిజిగా రాసింది మర్నాడు మీకే అర్థం కాదు. 'బాగుంది', 'సూపర్' అని రాసుకోకండి, దేన్ని చూసి అనిపించిందో అది రాసుకోండి. 'గిన్నె చప్పుడు', 'తండ్రి తల తిప్పుకున్నాడు' అన్నంతలో ఉంటే చాలు.

మూడు చోట్ల మాత్రం తప్పకుండా ఆగి రాయాలి. మొదటిది, ఇరవై నిమిషాల దగ్గర. అప్పటికి సినిమా మీకొక మాట ఇచ్చేసి ఉంటుంది: నవ్విస్తానని, భయపెడతానని, ఒక మనిషిని దగ్గరగా చూపిస్తానని. ఆ మాట ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే అదే మొదటి లోపం. రెండోది, ఇంటర్వెల్‌లో. సెకండాఫ్‌లోకి ఏ ప్రశ్న మోసుకెళ్తున్నారు? ఎవరు గెలుస్తారు, ఆ రహస్యం ఎప్పుడు బయటపడుతుంది, ఆమె తిరిగొస్తుందా, ఏదో ఒకటి ఉండాలి. మన సినిమాల్లో 'సెకండాఫ్ ల్యాగ్' అని అందరం అంటాం కానీ దానికి కారణం చాలాసార్లు సెకండాఫ్‌లో ఉండదు. ఇంటర్వెల్ బ్యాంగ్ మోగిపోయింది, ప్రశ్న మాత్రం మిగల్లేదు. ఇక ఎడిటర్ ఎంత కోసినా కథ నడవదు. మూడోది, సినిమా అయిపోయాక, ఎవరితోనూ మాట్లాడకముందు, ఎవరి రివ్యూ చదవకముందు. మూడు విషయాలు రాయండి. బైక్ పార్కింగ్ దగ్గర స్నేహితుడు 'వేస్ట్ రా' అన్న తర్వాత రాసేది సగం అతని అభిప్రాయమే అవుతుంది.

ఇంట్లో చూస్తుంటే ఇంకో సాక్ష్యం ఉచితంగా దొరుకుతుంది. ఎక్కడ ఆపి ఫోన్ చూశారో ఆ నిమిషం రాసుకోండి. ఒకే పావుగంటలో మూడుసార్లు ఆపి ఉంటే ల్యాగ్ ఎక్కడుందో అంకెతో చెప్పొచ్చు.

రాయడం మాత్రం ఒక రాత్రి గడిచాక. బెనిఫిట్ షోలో ఈలలు, కాగితాలు, స్పీకర్ల హోరు అన్నీ కలిసి ఏ ఎంట్రీ సీనైనా గొప్పగానే ఉంటుంది. ఆ ఊపు అబద్ధమేం కాదు, రాయండి. కాకపోతే 'నిండిన హాల్లో మొదటి రోజు చూశాను' అన్న ముక్క పక్కనే ఉండాలి.

అరిగిపోయిన వాక్యాలు

తెలుగు రివ్యూల్లో పది పదిహేను వాక్యాలున్నాయి. ఏ సినిమాకైనా అతుకుతాయి, అందుకే దేని గురించీ ఏమీ చెప్పవు. 'తన పాత్రకు న్యాయం చేశాడు.' 'నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి.' 'ఎడిటింగ్ ఇంకాస్త క్రిస్ప్‌గా ఉండాల్సింది.' 'ఛాయాగ్రహణం కనువిందు చేస్తుంది.' 'ఫ్యామిలీ ఆడియన్స్‌కి కనెక్ట్ అవుతుంది.' ఇవి మీ రాతలో కనిపిస్తే కొట్టేసి, ఏ సీను చూసి అలా అనిపించిందో వెతకండి. సీను దొరకలేదంటే ఆ అభిప్రాయం మీది కాదు, ఎక్కడో విన్నది.

మార్చడం ఎలాగో ఒక ఉదాహరణ చూద్దాం. 1987 నాటి జంధ్యాల అహ నా పెళ్ళంట మీద 'కోట శ్రీనివాసరావు కామెడీ అదిరింది' అని రాస్తే చదివినవాళ్లకు కొత్తగా తెలిసేదేమీ లేదు. ఆ పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను తీసుకోండి. ఎక్కడ నవ్వొస్తోందో చూడండి. కోట దాన్ని జోకులా చేయడు. కోడికూర నిజంగానే తింటున్నంత శ్రద్ధగా ముద్ద కలుపుతాడు. ఆయన మొహంలో ఎక్కడా 'నేను నవ్విస్తున్నాను' అన్న ఛాయ ఉండదు. పాత్ర దృష్టిలో అది పిసినారితనం కాదు, ఇల్లు నడిపే తెలివి. ఈ నాలుగు మాటలు రాస్తే ఆ సీను చూడనివాడికి ఊహ అందుతుంది, చూసినవాడికి మళ్లీ చూడబుద్ధవుతుంది. అదే కొలతతో, ఇప్పటి కామెడీ ట్రాకుల్లో నటుడే ముందు నవ్వేసి మనల్ని నవ్వమనడం ఎందుకు పేలదో కూడా చెప్పగలుగుతారు.

మాయాబజార్ గురించి రాసేవాళ్లు ఘటోత్కచుడి నోట్లోకి వాటంతటవే వెళ్లే లడ్లు, వెన్నెల్లో పడవ దగ్గర ఆగిపోతారు. వాటి గురించి చాలామంది రాశారు. సావిత్రిని చూడండి. మాయా శశిరేఖగా ఉన్నప్పుడు ఆమె ఒంట్లో ఉన్నది ఘటోత్కచుడు. పెళ్లిపీటల దగ్గర రేలంగి లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు పైన పెళ్లికూతురి సిగ్గు, కింద రాక్షసుడి బరువు. ఎస్వీ రంగారావు నడకనూ భుజాల విరుపునూ అరువు తెచ్చుకుని, వెంటనే వదిలేసి మళ్లీ ఆడపిల్ల అయిపోతుంది. ట్రిక్ ఫొటోగ్రఫీ ఏమీ లేకుండా జరిగిన మాయ అది. పాత క్లాసిక్ మీద రాయాలంటే ఇలా ఎవరూ వేలెత్తి చూపని మూల ఒకటి పట్టుకోవాలి. లేదంటే రాయకపోయినా నష్టం లేదు.

గొంతు ఎవరిది, మొహం ఎవరిది

నటన మీద రాసేటప్పుడు తెలుగులో తప్పనిసరిగా చూడాల్సింది డబ్బింగ్. 2009 నాటి అరుంధతిలో పశుపతిగా సోనూ సూద్ భయపెట్టాడని రాస్తాం. ఆ గొంతు పి. రవిశంకర్‌ది. ఊరంతా అనుకరించిన 'వదల బొమ్మాళీ' అన్న పిలుపు రవిశంకర్ నోటి నుంచి వచ్చిందే. చూపు, నడక, చేతివేళ్లు సోనూ సూద్‌వి. రెండిటినీ విడదీసి ఇద్దరికీ పంచాలి. సమంత తొలి సినిమాల్లో గొంతు చిన్మయిది. కమల్ హాసన్ తమిళ సినిమాలు ఎన్నో తెలుగులోకి వచ్చినప్పుడు వినిపించింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 'ఎమోషనల్ డైలాగ్ డెలివరీ' అని హీరోయిన్‌ను మెచ్చుకునే ముందు టైటిల్స్‌లో డబ్బింగ్ పేరు చూడటానికి అరనిమిషం పడుతుంది.

2016 నాటి పెళ్లిచూపులు లాంటి సింక్ సౌండ్ సినిమాల్లో, అంటే మాటల్ని షూటింగులోనే రికార్డు చేసిన సినిమాల్లో, లెక్క వేరు. అక్కడ మాట తడబడినా, ఫ్యాన్ చప్పుడు వినిపించినా అది సెట్లో జరిగిందే. ఆ తడబాటే అక్కడ అందం కావచ్చు.

2018 నాటి కేరాఫ్ కంచరపాలెంలో ఎక్కువమంది విశాఖలోని ఆ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముఖం చూడనివాళ్లు. కొన్ని చోట్ల డైలాగు అప్పజెప్పినట్టు ఉంటుంది. అది దాచక్కర్లేదు. అదే మనుషులు ఊరికే కూర్చుని ఉన్నప్పుడు, బీడీ వెలిగించుకునేటప్పుడు ఏ స్టారూ ఇవ్వలేని నిజం కనిపిస్తుంది. ఈ రెండూ రాస్తేనే అభిప్రాయం పూర్తవుతుంది.

దేవుడి గదిలో పెట్టిన సినిమాలు

మొహమాటం అసలు అడ్డం వచ్చేది ఇక్కడే. కొత్త సినిమాను తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు. 1980 నాటి శంకరాభరణంలో లోపం చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. పద్ధతి మాత్రం మారదు. సినిమా ఇచ్చిన మాట ఏమిటి? ఆదరణ తగ్గుతున్న సంగీతాన్నీ దాన్ని పట్టుకుని బతికే మనిషినీ గౌరవంగా చూపిస్తానని. శంకరశాస్త్రిగా జె.వి. సోమయాజులు మౌనంతోనే ఆ మాట చాలావరకు నిలబెట్టారు. మహదేవన్ పాటలు మిగతాది నిలబెట్టాయి. మరి అర్ధరాత్రి పాశ్చాత్య సంగీతంతో గోల చేసే కుర్రాళ్లను శాస్త్రిగారు ఓడించే సన్నివేశం? ఆ కుర్రాళ్లకు సంగీతం రాదు, సంస్కారమూ లేదు. ఎదుటివాణ్ని ఇంత బలహీనుణ్ని చేసి గెలిపిస్తే ఆ గెలుపు తేలికైపోతుంది. నిజంగా గిటార్ వచ్చిన కుర్రాడొకడు ఎదురుగా నిలబడి ఉంటే శాస్త్రిగారి విద్వత్తు ఇంకా పెద్దగా కనిపించేది. సినిమా మీద ప్రేమ ఉన్నవాడు కూడా ఈ మాట అనొచ్చు. తన లక్ష్యాన్నే సినిమా ఎక్కడ తగ్గించుకుందో చూపించాడు తప్ప బయటి కొలబద్దేదీ తేలేదు.

దారి చూపిన సినిమాల విషయంలో రెండు వాక్యాలు విడివిడిగా రాయండి: అప్పుడు ఏం చేసింది, ఇప్పుడు ఎలా ఉంది. 1989లో శివ వచ్చినప్పుడు స్టెడీక్యామ్‌తో (కుదుపు లేకుండా మనిషితోపాటు కదిలే కెమెరా) వెంబడించే షాట్లు, ఫైట్ల శబ్దం, సైకిల్ చైను లాగే ఆ ఒక్క క్షణం తెలుగు ప్రేక్షకుడికి కొత్త. ఆ తర్వాత వచ్చిన వందల అనుకరణలు చూసి పెరిగినవాడికి అవేవీ కొత్తగా అనిపించకపోవచ్చు. అది శివ తప్పూ కాదు, చూసేవాడి తప్పూ కాదు. ఇప్పటికీ చెక్కుచెదరంది ఏమిటంటే దెబ్బ పడకముందు ఉండే నిశ్శబ్దం. పాతబడింది మధ్యలో కథను ఆపి వచ్చే పాటలు.

పరభాషా సినిమాలకు ఇచ్చే రాయితీ

రకరకాల సినిమాలు కలిపి రాసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇది. తెలుగు సినిమాకు కర్కశంగా, కొరియన్ సినిమాకో ఇరానియన్ సినిమాకో ఉదారంగా మార్కులు వేస్తారు. కారణం రుచి కాదు, చెవి. తెలుగులో కృతకమైన డైలాగు వినగానే ముల్లులా గుచ్చుకుంటుంది. పరభాషలో అంతే కృతకమైన డైలాగు సబ్‌టైటిల్‌గా చదివితే శుభ్రంగా, క్లుప్తంగా కనిపిస్తుంది. కాబట్టి తెలియని భాష సినిమాల్లో సంభాషణల్ని పొగడొద్దు, తిట్టొద్దు. చూడగలిగింది, వినగలిగింది పట్టుకోండి.

1957 నాటి 12 యాంగ్రీ మెన్ దీనికి మంచి అభ్యాసం. గంటన్నర పైచిలుకు సినిమా దాదాపు మొత్తం ఒకే గదిలో, జ్యూరీ వాదనలతో నడుస్తుంది. 'డైలాగులే హీరో' అనేయడం సులువు. కెమెరాను చూడండి. మొదట కంటి ఎత్తుకు పైనుంచి చూసే కెమెరా పోనుపోను కిందికి దిగుతుంది, దూరాన్ని దగ్గరికి లాగే పొడవాటి లెన్సులు వస్తాయి. గోడలు దగ్గరికి జరిగినట్టు, పైకప్పు నెత్తిమీదికి దిగినట్టు ఉంటుంది. ఉక్కపోత మాటల్లోంచి రావడం లేదు, లెన్సులోంచి వస్తోంది. దర్శకుడు సిడ్నీ లుమెట్ కావాలనే వేసుకున్న పథకం అది. మాయాబజార్ కూడా ఆ ఏడాదిదే కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెడితే జాబితాకు మంచి జంట: ఒకటి గది దాటదు, ఇంకొకటి ద్వారక నుంచి అడవికి, అక్కణ్నుంచి మాయానగరానికి పోతుంది.

రీమేకులకు ఒక్కటే నియమం. ముందు ఏది చూశారో చెప్పేయండి. మలయాళం దృశ్యం 2013లో, తెలుగు దృశ్యం 2014లో వచ్చాయి. మొదట ఏది చూస్తే ఉత్కంఠ దానిదే. రెండోసారి ముడి తెలిసి చూస్తూ 'టెన్షన్ లేదు' అనడం న్యాయం కాదు. 1962 నాటి గుండమ్మ కథకు కూడా కన్నడంలో మూలముందని చాలామందికి తెలియదు. అది తెలిస్తే సూర్యకాంతంలో తగ్గేదేమీ లేదు.

ఎంత రాయాలి, ఏ వరసలో

పది సినిమాలకు ఎనిమిది వందల యాభై నుంచి వెయ్యి మాటలు. సమానంగా పంచకండి. చెప్పడానికి నిజంగా ఏదైనా ఉన్న రెండు సినిమాలకు రెండేసి వందలు, అయిదారింటికి ఎనభై తొంభై, మిగతావాటికి ఇరవై. ఇరవై మాటల్లో తేల్చడం నేర్చుకోవాల్సిన విద్య. జాతిరత్నాలకు ఇలా సరిపోతుంది: 'లాజిక్ అడగొద్దని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేసింది, ఒప్పుకున్నాం. నవ్వులు మాత్రం ఊళ్లో దండిగా, కోర్టుకొచ్చేసరికి పలచగా.'

మంచి నుంచి చెడుకో, చెడు నుంచి మంచికో దిగే వరస పెట్టకండి. మూడో సినిమాకల్లా చదివేవాడు మిగతావి ఊహించేస్తాడు. మొదట అందరూ చూసిన సినిమా మీద మీ ఊహించని మాట, తర్వాత ఎవరూ చూడనిది, మధ్యలో ఒక తిట్టు, దాని వెంటనే మెప్పు.

రేటింగులకొస్తే, అయిదుకు రెండు ముప్పావు అన్నది మన దగ్గర ఎవరికీ కోపం రాకుండా కనిపెట్టిన అంకె. మూడుంబావుకూ మూడుకూ తేడా వేసినవాడికే తెలియదు. మూడు గళ్లు చాలు: మళ్లీ చూస్తాను, చూసినందుకు బాధ లేదు, ఆపేసినా నష్టం లేదు. సగంలో ఆపేసిన సినిమా ఉంటే ఏ నిమిషంలో ఆపారో చెప్పి, ఆ తర్వాతి భాగం మీద నోరెత్తకండి.

స్పాయిలర్ల గురించి చాలామందికి తెలిసింది సగమే. ముడి విప్పకూడదని తెలుసు. 'చివర్లో దిమ్మతిరిగే ట్విస్టు ఉంది' అనడం కూడా సగం విప్పడమే. ఆ మాట చదివినవాడు మొదటి సీను నుంచీ పోలీసు చూపుతో చూస్తాడు. ఇక్కడ ఉదాహరణకు ఒక సినిమా పేరు చెబితే అదే తప్పు జరుగుతుంది కాబట్టి చెప్పడం లేదు.

పిల్లలున్న ఇళ్లకు ఉపయోగపడాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఏదో ఒక్క ముక్కలో చేర్చండి. 2024 నుంచి యూఏ అన్నది యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడు రకాలైంది. పాత సినిమాలకు ఒట్టి యూఏ అనే ఉంటుంది, అప్పుడు హింస ఎంత, ఎలాంటిది అని మీరే ఒక వాక్యం రాయాలి. ఆచారం మీద నడిచే కథలకూ ఇలాంటి సాయం కావాలి. 2023 నాటి బలగం మీద రాసేటప్పుడు చావు తర్వాత పెట్టిన ముద్దను పిట్ట ముట్టడం ఎందుకంత ముఖ్యమో ఒక్క మాట చెప్పకపోతే ఆ తంతు తెలియని పాఠకుడికి కథ అంతా పిట్ట కోసం తగాదాలాగే వినిపిస్తుంది.

వసూళ్లు అభిప్రాయం కాదు, ఆ కోట్ల లెక్క మీ జాబితాలోకి రానివ్వకండి. నటుల ఒళ్లు, కులం, ఇంటి సంగతులు అంతకన్నా రాకూడదు. 'ఫలానా సినిమాకు కాపీ' అనాలంటే ఏ సీను, దేన్నుంచి అన్నది చెప్పగలగాలి. పోలిక మాత్రమే కనిపిస్తే 'గుర్తొచ్చింది' అనండి.

చివరగా పేర్లూ సంవత్సరాలూ ఒకసారి సరిచూడండి. మన దగ్గర టైటిళ్లు తిరిగి తిరిగి వస్తాయి. దేవదాసు 1953లో ఉంది, 2006లోనూ ఉంది. మాయాబజార్ పేరుతో 2006లో ఇంకో సినిమా వచ్చింది. రామ్ గోపాల్ వర్మే తెలుగు శివ తర్వాత అదే పేరుతో హిందీలోనూ తీశాడు. ప్రతి పేరు పక్కనా సంవత్సరం, భాష వేయండి. కెమెరా, సంగీతం, ఎడిటింగ్ పేర్లు జ్ఞాపకం నుంచి కాకుండా సినిమా టైటిల్స్‌లోంచే ఎక్కించండి. ఆర్నెల్ల తర్వాత అభిప్రాయం మారితే పాతది చెరిపేయకుండా తేదీ వేసి దాని కింద కొత్తది రాయండి.